గుమ్మడికాయ మీద చక్రం

మా కోడలు కల్పలత కొన్న కారుకు శ్రావణ శుక్రవారం పొద్దున పూజ పెట్టుకున్నాం. పద్మారావు నగర్‌లో మేముండే అపార్ట్‌మెంటులో బండ్లు నిలిపే జాగా రోడ్డు కన్నా కిందికి ఉంటుంది. బయటికి రావాలంటే నున్నటి టైల్స్ పరిచిన ఏటవాలు ఎక్కాలి. రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి ఆగింది. పూజ ముగిసేదాకా మళ్ళీ పడలేదు. ఆ మాత్రం దయ చాలనుకున్నాను.

అది మామూలు కారు కాదు. ఒకరు వాడి అమ్మినదే గానీ ఇంజన్ బలం చాలా ఎక్కువ. ఆ బలమంతా వెనక చక్రాలకే పోతుంది. నీటి పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్న మా కోడలు అలాంటి కారే కావాలని ఏళ్ళ తరబడి అనుకుంటూ వచ్చింది. దానికి కారణం వాళ్ళ నాన్న. రాఘవేందర్ అల్వాల్‌లో ఉంటాడు. సర్వీసంతా కంటోన్మెంట్‌లో ఆఫీసర్ల కార్లు నడిపాడు. ఎంత మంచి కారు నడిపినా చివరికి దిగి, వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడటమే ఆయన పని.

"మా నాయినను పక్క సీట్ల కూసోబెట్టుకొని నేను నడపాలె మామయ్యా" అని పెళ్ళైన కొత్తలోనే కల్పలత నాతో అంది. నా భార్య ఊర్మిళ అప్పుడు బతికే ఉంది. "నడిపితే దమ్మున్న బండే నడుపు, దగ్గుకుంట పోయేది వద్దు" అని నవ్వింది. ఊర్మిళ పోయిన తరువాత ఆ మాటను ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కల్పలత మాత్రం మరిచిపోలేదని కారు వచ్చిన రోజు తెలిసింది.

పూజ సంబరమంతా మా అక్క శ్యామలమ్మది. మా బావ పోయినప్పటి నుంచి అక్క మాతోనే ఉంటోంది. కల్పలత ఆమెను కూడా అత్తమ్మ అనే పిలుస్తుంది. పంతులు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అక్క బూడిద గుమ్మడికాయతో కారుకు దిష్టి తీసి, దాన్ని సరిగ్గా ఏటవాలు మొదట్లోనే పగలగొట్టింది. కొబ్బరినీళ్ళు, కుంకుమ, గుమ్మడి గుజ్జు అన్నీ కలిసి తడి టైల్స్ మీద పరుచుకున్నాయి. పట్టింపు ఒకటి ఉంది మా ఇంట్లో. నిమ్మకాయలు తొక్కిన బండి గేటు దాటేదాకా ఆగకూడదు. మధ్యలో ఆగితే, వెనక్కి జారితే మంచిది కాదంటారు.

కల్పలత కారెక్కి మా అందరి వైపు చూసి నవ్వింది. నిమ్మకాయలు చిట్లాయి. ముందు చక్రాలు గుమ్మడికాయను దాటాయి. వెనక చక్రాలు ఆ గుజ్జు మీదికి రాగానే డాష్‌బోర్డులో ఒక పసుపు లైటు మినుకుమనడం కిటికీలోంచి నాకు కనిపించింది. ఇంజన్ చప్పుడు ఉన్నట్టుండి తగ్గిపోయింది. కారు ఏటవాలు మధ్యలో ఆగిపోయింది.

"ఆగొద్దు బిడ్డా, ఆగొద్దు! పోనియ్యి!" అని అక్క హారతి పళ్ళెం పట్టుకునే అరిచింది.

రెండో అంతస్తులో ఉండే ఓంప్రకాశ్‌కు రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. తీరికగా ఉంటే ఫోనులో కారు రేసులు చూస్తాడు. ఆయన కారు కిటికీ దగ్గరికి వచ్చాడు. "అరె, గది ట్రాక్షన్ కంట్రోలమ్మా! చక్రం జారితె ఇంజన్‌ను అదే గుంజి పడ్తది. బంద్ చెయ్! గా జారే కారు బొమ్మ బటన్ ఉన్నది సూడు, జెర సేపు ఒత్తి పట్టు. రేసులల్ల అందరు బంద్ చేసే నడుపుతరు. ఎట్ల దునుకుతదో సూడు ఇగ!"

కల్పలత బటన్ ఒత్తి పట్టుకుంది. తరువాత యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కింది.

కారు నిజంగానే దూకింది, కానీ ముందుకు కాదు. వెనక చక్రాలు కీచుమంటూ గుజ్జులో గిర్రున తిరిగాయి. కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకు, అక్క నిలబడిన వైపుకు విసిరినట్టు వచ్చింది. మా అబ్బాయి విజయేందర్ అక్కను రెక్క పట్టి లాగేశాడు. కారు పక్కనున్న పార్కింగు స్తంభానికి తగిలి ఆగింది. హారతి పళ్ళెం టైల్స్ మీద పడి చాలాసేపు గిర్రున తిరుగుతూ మోగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓంప్రకాశ్ చెంపకు మాత్రం గుమ్మడి తునక ఒకటి అంటుకుంది.

కల్పలత దిగి, స్తంభానికీ కారుకూ మధ్య చూసింది. ఒక్క క్షణం ముందు అక్క నిలబడిన చోటు అది. తాళంచెవిని విజయేందర్ చేతిలో పెట్టి, మెట్లెక్కి పోయింది.

ఆ సాయంత్రం విజయేందర్ "డెంటే కదా కల్పా, తీయించుకుందాం" అన్నాడు.

"డెంట్ గురించి కాదు విజయ్. నా చేతులు చూడు" అని ఆమె చేతులు ముందుకు చాపింది. ఇంకా వణుకుతున్నాయి. "అది అత్తమ్మ మీదికి పోయింది. నేను నడుపుతుంటే పోయింది. నాకొద్దు ఆ బండి."

అక్క ఆమె పక్కన కూర్చుంది. "నాకేం గాలే గద. నేను గుండ్రాయి లెక్క ఉన్న. గాని నీకు దడ పుట్టింది. దడ పుట్టినంక ఆ బండిని రోజు సూసుకుంట ఇంట్ల ఉంచుడెందుకు బిడ్డా?"

ఆ సంగతి మెట్ల మీద నుంచే విన్నట్టున్నాడు, ఓంప్రకాశ్ వచ్చాడు. తన సలహా వల్ల ఇంత జరిగిందని ఆయనకూ బాధగానే ఉంది. అయినా ఆ కారు మీద మనసు ఉంది. "మీకు తక్లీఫ్ ఉంటే నాకియ్యండి సార్. పానం లెక్క సూస్కుంట. ఆదివారం టిఫిన్ చేసి పైసలు పట్టుకొని వస్త" అన్నాడు. కల్పలత సరేనంది. ఇంతలో ఆమె ఫోను మోగింది. స్పీకర్‌లో రాఘవేందర్ గొంతు వినిపించింది.

"పూజ మంచిగైందా బిడ్డా? ఎప్పుడు తెస్తున్నవు? మా గల్లిల నల్లా పైపుల కోసం తవ్వి మన్ను పోసిండ్రు. జెర సూస్కొని రా."

"ఈ వారం ఆఫీసుల పనుంది నాయినా" అంది కల్పలత. ఫోను పెట్టేసి, విజయేందర్ పైకి తెచ్చిన తాళంచెవిని దేవుడి అరలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఆదివారం దాటితే ఆ పెద్దాయన ఇంటి ముందుకు ఆ కారు ఇక రాదు. అది నాకు మింగుడు పడలేదు.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇంజన్ల సంగతి పెద్దగా తెలియదు. రాపిడి సంగతి తెలుసు. ఆ రాత్రి భోజనాల తరువాత ఆ బటన్ గురించి దొరికినంత చదివాను. మరునాడు పొద్దున కూరగాయల బండి మీద గుమ్మడికాయ ముక్క ఒకటి కొనుక్కుని కిందికి దిగాను. టైల్స్ మీద గుజ్జు రుద్ది, అరిగిన నా రబ్బరు చెప్పును ఒక ఇటుక కిందికి కట్టి, దానికి తాడు బిగించాను. మెల్లగా లాగితే చెప్పు పట్టుకుని నిలిచింది. మెల్లగానే ఇంకొంచెం బలం పెంచితే అప్పటికీ నిలిచింది. ఒక్కసారి గుంజితే మాత్రం సర్రున జారింది. జారడం మొదలైతే ఇక చిటికెన వేలితో లాగినా ఆగకుండా వచ్చేసింది.

నాలుగోసారో ఐదోసారో లాగుతుంటే వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏందిది తమ్మీ? గుమ్మడికాయ మీద చెప్పు పెట్టి గుంజుతున్నవా? దిష్టి తీసిన కాయనా అది?"

"కాదక్కా, కొత్తది. ఇప్పుడే కొన్న."

"కూరకు తెచ్చిన కాయనా!" అక్కకు అది ఇంకా ఘోరంగా తోచింది. "కల్పా! ఓ కల్పా! మీ మామను సూడు బిడ్డా, పెద్ద చదువు చదివినోడు ఎట్ల తయారైండో!"

కల్పలత కంగారుగా దిగి వచ్చింది. తాడు చివర ఇటుకను, ఇటుక కింద చెప్పును చూసి, కారు స్తంభానికి తగిలాక మొదటిసారి నవ్వింది. తరువాత కింద కూర్చుని తాడు తన చేతిలోకి తీసుకుంది. మెల్లగా లాగింది. గుంజింది. మళ్ళీ మెల్లగా లాగింది.

"పట్టు ఉన్నంతసేపే చక్రం బండిని నెట్టగలదు" అన్నాను. "ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టిందంటే ఆ పట్టు పోయినట్టే. ముందుకు నెట్టదు, పక్కకు జారకుండా ఆపదు. నిన్న పసుపు లైటు మినుకుమన్నప్పుడు బండి మొరాయించలేదమ్మా. చక్రం జారుతోందని తెలిసి బలం తగ్గించుకుంది."

"నేనేమో దాన్ని బంద్ చేసి, బలమంతా ఒక్కసారే ఇచ్చిన." తాడును వేళ్ళకు చుట్టుకుంటూ ఆలోచనలో పడింది. "మరి ఒత్తకూడని బటన్ ఎందుకు పెట్టిన్రు మామయ్యా?"

"ఒత్తే చోట్లు ఉన్నయట. ఓంప్రకాశ్ చూసే రేసుల్లో, ఎవరూ ఎదురురాని ట్రాకు మీద, బాగా నేర్చినవాళ్ళు తీసేస్తరు. మనకు ఆ గొడవ లేదు. ఒత్తే ఇంకో చోటు మనకూ తగలొచ్చు. బురదలనో ఇసుకలనో కూరుకుపోతే చక్రం కాస్త తిరిగితే గాని బయటపడదు. ఇదేమో తిరగనియ్యదు. అప్పుడు తీసేసి, బయటపడంగనే మళ్ళీ పెట్టుకోవాలె."

"మిగతా అప్పుడు?"

"ఉండనియ్యి. వానల అయితే అస్సలు ముట్టకు."

"మరి నిన్న అట్ల ఆగిపోతే నేనేం చెయ్యాల్సింది?"

"ఇంకా తేలిగ్గా తొక్కాల్సింది. కాకపోతే ఆగిపోయి, గుజ్జు కడిగించి మళ్ళీ షురూ చెయ్యాల్సింది."

"అత్తమ్మ ఆగొద్దన్నది" అంది కల్పలత మెల్లగా. నింద కాదు, జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం.

వెనక నిలబడిన అక్క కొంగు సర్దుకుంది. "అన్న. నేనే అన్న. కాయ అక్కడ కొట్టింది సుత నేనే. మా కాలంల అంబాసిడర్‌కు గీ పట్టుకునుడు, ఇడిచిపెట్టుడు యాడివి? నాకేమెరుక?" మెట్ల వైపు తిరిగి, "ఆ చెప్పు ఇంట్లకు తేకు తమ్మీ" అని పైకి వెళ్ళిపోయింది.

కల్పలత లేచి ఏటవాలు వైపు చూసింది. "రేపు ఓంప్రకాశ్ అన్న వచ్చేముందు ఒక్కసారి గేటు దాక పోత. అంతే" అంది.

ఆదివారం పొద్దున సన్నగా వాన మొదలైంది. విజయేందర్‌కు రైల్వేలో ఉద్యోగం, ఆ రోజు డ్యూటీ పడింది. నేను కల్పలత పక్కన కూర్చున్నాను. వెనక తలుపు తెరుచుకుంది. కొంగు తలమీదికి లాక్కుని అక్క ఎక్కి కూర్చుంది.

"మీరెందుకు అత్తమ్మా?"

"బయట నిలబడితెనే గద తగిలేది. లోపల్నే కూసుంట."

కారు ఏటవాలు ఎక్కసాగింది. నా చేయి దానంతటదే తలుపు పైన ఉండే పిడిని పట్టుకుంది. ఊర్మిళ ఏ కారెక్కినా అలాగే పట్టుకునేది, నేను ఏడిపించేవాణ్ణి. సగం ఎక్కగానే పసుపు లైటు మినుకుమంది. ఇంజన్ గొంతు తగ్గింది. కల్పలత చూపు బటన్ మీదికి పోవడం నేను చూశాను. వెనక అక్క ఏదో అనబోయి మాట మార్చింది.

"ఆగు బిడ్డా. ఆగితె ఆగు. ఏం గాదు."

కల్పలత యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసింది. లైటు ఆరింది. కారు తడబడకుండా, ఎవరో కింద నుంచి చేతులు పెట్టి ఎత్తినంత మెత్తగా పైకి వచ్చింది. గేటు దాటింది. రోడ్డెక్కింది. ఆగలేదు.

"గేటు దాకా అన్నట్టు గుర్తు" అన్నాను.

"అల్వాల్ దాక మామయ్యా" అంది, రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట దాటాం. తడి రోడ్డు మీద ఒకటి రెండుసార్లు ఆ లైటు మినుకుమంది. ప్రతిసారీ ఆమె కాలు కొంచెం తేలికైంది. ఆదివారం కాబట్టి ట్రాఫిక్ పలచగా ఉంది. సిగ్నళ్ళ దగ్గర మా వెనక ఎవరూ హారన్ కొట్టలేదు. ఇంత చిన్న మేలుకు కూడా ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

రాఘవేందర్ ఇల్లు కనిపించింది. ఆయన ఇంటి ముందు పరిచిన సిమెంటు దాకా ఇక కొద్ది దూరమే ఉంది. పైపులు వేసి వదులుగా పూడ్చిన మట్టి అడ్డంగా ఉంది. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు దిగబడ్డాయి. కల్పలత మెల్లగా తొక్కింది. లైటు మినుకుమంది, ఇంజన్ తగ్గింది, కారు కదల్లేదు. కాలు తేలిక చేసి మళ్ళీ తొక్కింది. మళ్ళీ అంతే.

రాఘవేందర్ గొడుగు పట్టుకుని, లుంగీ ఎగగట్టి బయటికి వచ్చాడు. కారు చుట్టూ చూస్తుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "వచ్చినవా బిడ్డా! ఏమన్న ఉన్నదా బండి! ఇగ తొక్కు, తొక్కు!"

"తొక్కితే పోనిస్తలేదు నాయినా."

"గదేంది? బండే వద్దంటదా? మా బండ్లు చెప్పినట్టు ఇంటుండె."

అప్పుడే నా ఫోను మోగింది. ఓంప్రకాశ్. "సార్, టిఫిన్ చేసి వచ్చిన. ఇంటికి తాళం ఉన్నది. కింద బండి సుత లేదు!"

"అల్వాల్‌ల ఉన్నం ఓంప్రకాశ్. బురదల దిగబడ్డది."

"బురదలనా? అయితే బంద్ చెయ్యమనండి సార్! ట్రాక్షన్ బంద్..." అని మధ్యలోనే ఆగాడు. తన నోట్లోంచి మళ్ళీ అదే మాట రావడం ఆయనకే గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించి, "నేనేం చెప్పను సార్. మీ ఇష్టం" అన్నాడు.

కల్పలత అంతా విన్నది. చేయి బటన్ దాకా పోయి, గాలిలో ఆగింది. ఓంప్రకాశ్ సలహా ఈసారి సరైన చోటే పడిందని నాకు తెలుసు. అయినా ఒత్తాలో వద్దో ఆమే తేల్చుకోవాలి.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. అద్దాల్లోకి చూసింది. కిటికీ దించి బయటికి తల పెట్టి చూసింది. తరువాత ఆఫీసులో మనుషుల చేత పని చేయించే గొంతుతో మాట్లాడింది.

"మామయ్యా, మీరు దిగండి. అత్తమ్మా, మీరు సుత. కాంపౌండు గోడ లోపలికి పోయి నిలబడండి. నాయినా, రెండు గోనెసంచులుంటే ఇయ్యి. తరువాత నువ్వు కూడ లోపల్నే. బండికి ముందు, వెనక, పక్కకు ఎవరు ఉండొద్దు. అందరు గోడ లోపల ఉన్నమని చెప్పినంకనే నేను షురూ చేస్త."

"నేను పక్క పొంటి నిలబడి చెప్త బిడ్డా, ఎటు తిప్పాల్నో..."

"వద్దు నాయినా. లోపలికి పో."

ఆమె స్వయంగా దిగి సంచులను వెనక చక్రాల ముందు దోపింది. మేం ముగ్గురం గోడ వెనక నిలబడ్డాం. "అందరం ఉన్నం!" అని అక్క, గల్లీ అంతా వినబడేటట్టు అరిచింది. గోడ మీదుగా నేను కల్పలత చేతినే చూస్తున్నాను. అది బటన్ మీద చాలాసేపు ఉంది. పసుపు లైటు వెలిగింది. ఈసారి మినుకుమనకుండా నిలకడగా వెలిగింది.

ఇంజన్ గొంతు పెరిగింది, అరుపు మాత్రం కాదు. చక్రాలు మెల్లగా తిరిగి, బురదను చిమ్మి, కారు కొంచెం ముందుకు వచ్చి మళ్ళీ వెనక్కి వాలింది. ఆమె దాన్ని వాలనిచ్చింది. ఆ ఊపు ముందుకు వచ్చేటప్పుడు మళ్ళీ కొంచెం బలం ఇచ్చింది. ఇంకోసారి. చక్రానికి సంచి అందింది. బురద ఒక్క దెబ్బకు గోడ దాటి లేచి నా తెల్ల చొక్కా మీద పడింది. కారు వెనక భాగం ఒకసారి అటు కదిలింది. అటు ఎవరూ లేరు. తరువాత నాలుగు చక్రాలూ సిమెంటు మీద ఉన్నాయి.

కారు ఆగగానే ఆమె చేసిన మొదటి పని బటన్ మళ్ళీ ఒత్తడం. పసుపు లైటు ఆరింది. ఆ తరువాతే స్టీరింగు మీద నుదురు ఆనించింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి నవ్వుతోంది. చేతులు నిశ్చలంగా ఉన్నాయి.

అక్క నా చొక్కా చూసి, "పూజల పసుపు సరిపోలేదని ఇగ బురద సల్లింది" అంది.

జేబులో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. "సార్! ఏమైంది సార్? వచ్చిందా?"

"వచ్చింది ఓంప్రకాశ్. నువ్వు చెప్పినట్టే చేసింది. కాకపోతే మమ్మల్ని ముందు గోడ వెనక పెట్టింది."

"అయితే ఇగ నాకియ్యరన్నట్టు."

"ఇయ్యం."

"మంచిదే సార్. నేను ఆ టైల్స్ కడిగిపిస్త. మీరు వచ్చేసరికి పట్టు ఉండాలె గద."

చాయ్ తాగాక అందరం మా ఇంటికి పోదామంది కల్పలత. రాఘవేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేరుగా వెనక తలుపు దగ్గరికి పోయి, దాన్ని తెరిచి పట్టుకుని, మా అక్క ఎక్కడానికి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. అన్నేళ్ళ అలవాటు అది. అక్క ఎక్కింది, నేను ఎక్కాను. ఆయన తలుపును చప్పుడు కాకుండా వేసి, ఇక ఏం చెయ్యాలో తెలియనట్టు ఉండిపోయాడు. కల్పలత కారు చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తెరిచి పట్టుకుంది.

"కూసో నాయినా."

"కాళ్ళకు బురదున్నది బిడ్డా."

"ఉండనియ్యి."

ఆయన అయినా భుజం మీది తువ్వాలతో చెప్పులు తుడుచుకునే కూర్చున్నాడు. ఈసారి గల్లీ రెండో చివర నుంచి, గట్టి నేల మీదుగా పోయాం. మలుపు వచ్చిన ప్రతిసారీ రాఘవేందర్ కుడికాలు లేని బ్రేకును వెతుక్కుంటూ నేలను నొక్కుతోంది.

"బ్రేకు నా దిక్కున్నది నాయినా" అంది కల్పలత.

నా పక్కన అక్క రెండు చేతులతో తలుపు పైని పిడిని పట్టుకుని ఉంది. నా వైపున్న పిడి ఖాళీగా ఉంది. దాన్ని పట్టుకోవడం మరిచిపోయానని అప్పుడు గమనించాను. ఊర్మిళ ఉంటే, పొద్దున పట్టుకున్నందుకు ఇప్పుడు తను నన్ను ఏడిపించేది.

తిరుమలగిరి దగ్గర వాన మళ్ళీ అందుకుంది. గ్రీన్ సిగ్నల్ పడి కారు కదలగానే డాష్‌బోర్డులో పసుపు లైటు మినుకుమంది. రాఘవేందర్ ముందుకు వంగి చూశాడు.

"ఏందది బిడ్డా?"

"ఏం లేదు నాయినా. జెర మెల్లగ పొమ్మంటుంది" అని కల్పలత కాలు తేలిక చేసింది.